మేనత్తను సాగనంపాల్సిన పాట

పోయిన సోమవారం పొద్దున మా మేనత్త చనిపోయింది. లక్సెట్టిపేట నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్త పోయింది. చాయ్ పెట్టుకుంటు పెట్టుకుంటనే కూలవడ్డది" అని, "పాట సంగతి నువ్వే సూసుకోవాలె" అన్నాడు. ఏడుపు కంటే ముందు నాకు భయమేసింది.

ఆ పాట సంగతి మీకు చెప్పాలి. మా తాతల కాలంలో మిషన్ దొరలు బాప్తిస్మంతో పాటు తమ దేశపు రాగాల్లో పాటలూ ఇచ్చారు. మాటలు తెలుగువే గానీ ఆ సాగదీత మా నోళ్లకు ఎక్కలేదు. చదువురాని మా ఆడవాళ్లు ఆదివారం విన్న వాక్యాన్ని వరినాటు పాటల బాణీలో పెట్టుకుని మడిలో పాడుకున్నారు. ఒకరు అందుకుంటారు, మిగిలినవాళ్లు వెనక అంటారు. ఆ పాటలే తర్వాత చర్చిలోకి వచ్చాయి.

మేనత్తకు అవి తన తల్లి, మా బాపమ్మ నుంచి వచ్చాయి. తనూ కట్టేది. తన భర్త, మా మామ చనిపోయినప్పుడు కట్టిన పాట ఇలా మొదలవుతుంది: "నాటు అయిపోయింది తండ్రీ, కాళ్లు కడుక్కొస్తున్న."

నెమ్మదస్తురాలేం కాదు. ప్రార్థనలో పక్కన కూర్చున్నవాళ్లు వెనక పాడకపోతే తొడ మీద ఒకటిచ్చి, "నోట్లె బెల్లం పెట్టుకున్నవానే?" అని కసిరేది. "ముంగట పాడేటోళ్లు పోయినా ఫికర్ లేదు బిడ్డా, ఎనుక అనేటోళ్లు ఉండాలె" అనేది. నాకు పాడటం వచ్చిందంటే ఆమె చేతి దెబ్బల పుణ్యమే.

తర్వాత కొత్త పాస్టర్‌గారు వచ్చారు, ఆయనతో కీబోర్డు, పాటల మాటలు చూపించే తెర వచ్చాయి. "అమ్మా, అవి లోకపు బాణీలు. ఇక్కడ వద్దు" అన్నాడాయన. మేనత్త ఊరుకుంటుందా? "అయ్యగారూ, దేవుడు నన్ను పిలిసినప్పుడు నా నోరు ఇడిచిపెట్టి రమ్మన్నడా?" అంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్లి వెనక గోడకు ఆనుకుని నోరు మూసుకుని కూర్చునేది. ఆ నోరు మూయించినవాళ్లను నేను క్షమించలేదు. క్షమాపణ మీద ప్రసంగాలు వాళ్లే చెబుతారు, చెప్పుకోనీ.

పోయిన క్రిస్మస్‌కు నా చెయ్యి పట్టుకుని, "నన్ను మట్టిల పెట్టేటప్పుడు మీ మామకు కట్టిన గా పాట పాడుండ్రి. జర మరువకు" అంది.

సమాధి దగ్గర నేను ముందే అడిగాను. "చూద్దాం" అన్నారు పాస్టర్‌గారు. స్పీకర్లో ఎవరివో రికార్డు పాటలు మోగుతూనే ఉన్నాయి. ఇక ఆగలేక మొదటి మాట నేనే అందుకున్నాను. వెనక ఎవరూ అనలేదు. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లే అంతా, పాస్టర్‌గారి ముఖం చూస్తూ నిలబడ్డారు. రెండోసారి అందుకుంటే ఎవరో సౌండు పెంచారు. ఛీ, ఇదేం బతుకు అనిపించింది. మూడోసారి అందుకోలేదు. ప్రార్థన ముగించి, స్పీకర్ ఆపేసి అందరూ గేటు దగ్గర పోస్తున్న చాయ్ వైపు నడిచారు.

అప్పుడొచ్చారు, మేనత్తతో ఏటా నాట్లు వేసే ఆడవాళ్లు. కొండగట్టు అంజన్నకు మొక్కేవాళ్లు. యాసంగి నాట్ల నుంచి నేరుగా వచ్చారు.

"మేము మట్టి ఎయ్యొచ్చునా?" అని అడిగింది ముందున్నామె. తర్వాత నా ముఖం చూసి, "ఆమె పాట పాడిండ్రా?" అంది.

లేదని తల ఊపాను.

"అయ్యో! పాట లేకుంట ఎట్ల సాగనంపుతరే?"

పిడికెడు మట్టి తీసుకుని ఆమే అందుకుంది: "నాటు అయిపోయింది తండ్రీ..." మిగిలినవాళ్లు వెనక అన్నారు. మడిలో మేనత్తతో పాడి పాడి వాళ్లకు ప్రతి మాటా వచ్చు. వాళ్ల వెనక నేనూ అన్నాను.

గేటు దగ్గర మా సంఘం వాళ్లు చాయ్ గ్లాసులు పట్టుకుని వింటున్నారు. ఒక్కరి పెదవీ కదల్లేదు. ఆ ఆడవాళ్లు తోవలో కాలువ దగ్గర కాళ్లు కడుక్కుని వచ్చినట్టున్నారు. వాళ్ల చీర అంచుల నుంచి నీళ్లు కొత్త మట్టి మీద కారుతున్నాయి.