శివారున పెట్టిన కంప్యూటరు

మా నాన్నకి కరెంటు గురించి తెలిసిందల్లా కాలవ గురించి తెలిసిందే. నరసాపురం దగ్గర మా ఊరు కాలవకి చిట్టచివర, శివారున ఉంటుంది. పై ఊళ్లవాళ్లు తడుపుకున్నాక మిగిలితేనే మాకు నీళ్లు. ఆ మిగిలినదాని కోసం ఆయన సగం జీవితం గట్ల మీదే గడిపేశారు.

ఆ ఏడాది రెండో పంట దాళ్వా వరి ఈనబోతూ పొట్ట మీదుండగా నీళ్లు ఆగిపోయాయి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలవల ఇంజనీరు గారు గురువారం పదింటికి రైతుల్ని కలుస్తానన్నారు. చేత్తో రాసిన అర్జీలకి ఎన్నడూ జవాబు రాలేదు కాబట్టి, ఈసారి నా కంప్యూటర్లో కొట్టిన అర్జీ పట్టుకెళ్లాలని శివారు రైతులంతా తీర్మానించారు. శుభలేఖలు కొట్టుకుంటానని నేను పోరుపెట్టి కొనిపించుకున్న కంప్యూటరది. అరవై మంది పేర్లు, ఎవరి చేను ఎంత ఎండిందో, రెండు రోజులు కూర్చుని ఎక్కించాను. చిత్తు కాగితాలతో అమ్మ పొయ్యి రాజేసింది. "అన్నీ అందులో ఉన్నాయన్నావుగా" అంది.

బుధవారం పొద్దున్నే ఆఖరి పేజీ సరిచూస్తున్నాను. ఉన్నట్టుండి బల్బు ధగధగా వెలిగింది. కంప్యూటరు పెట్టెలోంచి టప్పుమని చప్పుడు, వెనకే మాడు వాసన. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తీగ తెగి, ఇళ్లన్నిటికీ ఓల్టేజీ ఎగదన్ని, ఆ వెంటనే కరెంటు పోయిందట.

కరెంటు పోతే ఆదుకునే నల్ల పెట్టె, యూపీఎస్, ఉంది కదా అని ధైర్యంగానే ఉన్నాను. అది కుయ్ కుయ్‌మంటోంది కూడా. కంప్యూటరు మాత్రం ఉలకదు, పలకదు. మూలనున్న టేబుల్ ఫ్యానేమో హాయిగా తిరుగుతోంది. ఊళ్లో కరెంటు లేనప్పుడు ఆ ఫ్యాను ఎలా తిరుగుతోందో అర్థమయ్యేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

"నాన్నా! వైర్లు ఎవరు మార్చారు?"

"నేనేనమ్మా, నువ్వు స్నానానికెళ్లినప్పుడు. పాపం, దాన్ని ఆ నల్ల పెట్టె వెనకాల శివారున పెట్టావు. పుష్కలంగా అందుతుందని తిన్నగా గోడకే కలిపాను. ఫ్యానుదేముంది, దాని వెనకాల పెట్టినా ఎంతొస్తే అంతే తిరుగుతుంది."

పుష్కలంగానే అందింది. అరవై కుటుంబాల పొట్ట కొట్టారని ఇల్లెగిరిపోయేలా అరిచాను. నాన్న మోపెడ్ తీసుకుని నరసాపురం వెళ్లి మెకానిక్‌ని వెనకాల ఎక్కించుకొచ్చారు.

అప్పటికి కరెంటొచ్చింది. మెకానిక్ పెట్టె విప్పి, "పవర్ సప్లై ఒక్కటే మాడిందండి, మీరు అదృష్టవంతులండి" అని కొత్తది బిగించాడు. అంతలో వెనక వైర్లు చూశాడు. "ఎవరండీ ఇలా కలిపింది?"

నాన్న పైకప్పు వైపు చూశారు. నేను నాన్న వైపు చూశాను.

"కరెంటు ముందు యూపీఎస్‌లోకి రావాలండి, అందులోంచి కంప్యూటరుకి వెళ్లాలండి."

"ముందర అది తాగేసి, మిగిలితేనేగా దీనికిచ్చేది?" అన్నారు నాన్న.

"తాగదండి. ఎక్కువొస్తే తను ఆపుకుంటుందండి, రాకపోతే తన దగ్గరున్నది ఇస్తుందండి."

నాన్న ఆ పెట్టెని తేరిపార చూశారు. "పైనున్నోడు కిందోడి కోసం ఆగడం నేనెప్పుడూ చూళ్లేదు బాబూ" అన్నారు. అందులో వెటకారం లేదు.

నా కోపం చప్పున చల్లారిపోయింది. పొద్దున అన్న మాటకి సిగ్గేసింది కూడా. సారీ చెప్పడం మా ఇంట్లో అలవాటు లేదు గనక కాఫీ పెట్టిచ్చాను. కంప్యూటరు లేచింది, అరవై పేర్లూ క్షేమంగా ఉన్నాయి. మర్నాడు తొలి బస్సుకే నాన్న అర్జీతో వెళ్లారు.

ఐదో రోజున నీళ్లొచ్చాయి, అదీ సన్నగా. అప్పటికే మా చేను సగం ఎండిపోయింది. నాన్నకి క్యారేజీ పట్టుకెళ్లేసరికి ఆయన పారతో గట్టు తెగ్గొడుతున్నారు. నీళ్లు మా చేలోంచి కింద చేలోకి జారుతున్నాయి. ఆ చేనువాళ్లతో మాకు రెండేళ్లుగా మాటల్లేవు.

"మనదే ఇంకా తడవలేదు కదా నాన్నా!" అన్నాను.

"వాళ్లు మనకంటే కిందున్నారమ్మా" అని, ఇంకో పెళ్ల పక్కకి లాగారు.