ఉలవల అదనులో పాత ట్రాక్టరు

మా ఆయన తోటపనికి వాడే పాత చిన్న ట్రాక్టరు కొన్నారని ముందుగా చెప్పింది మా ఆడపడుచు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. కూర్మన్నపాలెంలో మా పెరటి చెక్కలో ఉలవలు చల్లాలి. నేలలో తడి ఆరిపోతోంది. ఆయన కార్తీకమంతా దాని తుప్పు గీకి, ఎర్ర రంగు వేస్తూ గడిపారు. తీరా ఇంజను పలికాక, సింహాచలంలో పూజ చేయించందే మట్టి తాకనివ్వనన్నారు.

“స్వామి ఏటీ అనుకోడు. ముందు దున్నండి,” అన్నాను విసుగ్గా.

“పూజ సెయ్యకుండా బండి తీత్తారేటే?”

పూజకని బయల్దేరితే కొండదారి మలుపులో అది మొరాయించింది. లారీకి కట్టి ఇంటికి లాక్కొచ్చారు. అది చూసి పక్కింటి పెద్దమ్మ, “మీ పూజలయ్యేదాకా తడి ఆగుతాదేటి? నా ఎడ్లు తోలుకెళ్లమ్మా,” అంది.

ఆ సాయంత్రమే ఆ ఎడ్లతో దున్ని ఉలవలు చల్లాం, స్వామి దయవల్ల మొలిచాయి. ఈ కథ విన్న మీరు స్వామికి దీపం పెట్టినప్పుడు ఆ పెద్దమ్మను ఒక్కసారి తలుచుకోండి.