రెండు సిమ్‌లు, ఒకే గొంతు

దెయ్యాల మాటొస్తే మా స్టాఫ్ రూమ్‌లో ముందుగా నవ్వేదాన్ని నేనే. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను. రుజువు లేనిదాన్ని ఒప్పుకోవడం నాకు చేతకాదు. ఇది చదివి మీరు నవ్వినా నేనేమీ అనుకోను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

రెండు వేల నాలుగో, అయిదో. బందరులో అమ్మ పోయిన ఏడాది. అప్పటిదాకా ఇంట్లో ఉన్నది అమ్మా నేనూ ఇద్దరమే. దివిసీమకి బదిలీ వస్తే కాదనలేదు. అవనిగడ్డ దాటాక ఒక ఊళ్ళో హైస్కూలు. దగ్గర్లోనే ఒక గది అద్దెకు తీసుకున్నాను. బడి వదిలాక మళ్ళీ మర్నాడు గంట కొట్టేదాకా నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు.

"ఒక్కరే ఉంటారు, ఒక సెల్ కొనుక్కోండి మేడమ్" అని హెడ్మాస్టరు గారు అంటే ఒక శనివారం గుడివాడ వెళ్ళాను. బస్టాండ్ దగ్గర రిపేరు షాపాయన ఒక పాత ఫోన్ చూపించాడు.

"ఫారిన్ నుంచి వచ్చిందండీ. అక్కడి కంపెనీ లాక్ ఉంటే నేనే తీశాను. ఇప్పుడు ఏ సిమ్ వేసినా పలుకుద్ది."

ఇంతకుముందు ఎవరిదని అడిగాను. హైదరాబాదు నుంచి గంపగుత్తగా తెచ్చిన వాటిలో ఒకటట. అంతకు మించి ఆయనకీ తెలియదు.

ఏ నెట్‌వర్క్ మంచిదో నాకు తెలియక ఆయన ఇచ్చిన సిమ్మే వేయించుకున్నాను. తీరా మా ఊళ్ళో దానికి సిగ్నల్ ఒక్క గీతే, అదీ కరకట్ట ఎక్కితేనే. సాయంత్రాలు ఫోన్ పట్టుకుని కట్ట మీద నడిచేదాన్ని. నంబరు ఇచ్చింది హెడ్మాస్టరు గారికి ఒక్కరికే. ఇంకెవరికి ఇవ్వాలో తోచలేదు.

నాలుగో రోజు అయిదున్నరకి ఫోన్ మోగింది. తెర మీద నంబరేమీ లేదు. ఎవరో పెద్దాయన గొంతు.

"అమ్మాయ్, బస్సు దొరికిందా?"

"ఎవరండీ?" అన్నాను. నా మాట వినపడనట్టే ఫోన్ పెట్టేశాడు. మర్నాడూ అదే వేళకి అదే మాట. రాంగ్ నంబరని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి చేరేది కాదు.

పదిహేను రోజులకి నెట్‌వర్క్ మార్చాను. ఆయన గొడవకి కాదు, సిగ్నల్ కోసమే. అవనిగడ్డలో వేరే కంపెనీ సిమ్ కొన్నాను. గదిలోనే మూడు గీతలు వచ్చాయి. కొత్త నంబరు నాకే ఇంకా నోటికి రాలేదు. ఆ సాయంత్రం అయిదున్నరకి ఫోన్ మోగింది.

"అమ్మాయ్, బస్సు దొరికిందా?"

ఆ శనివారం గుడివాడ షాపుకి వెళ్ళి చెప్పాను. ఆయన నమ్మలేదు. నా సిమ్ తీసేసి తన సిమ్ వేశాడు. ఇద్దరం కూర్చున్నాం. అయిదున్నరకి మోగింది. ఆయనే ఎత్తి, విని, ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"మీకేనండీ" అన్నాడు.

తర్వాత చూస్తే వచ్చిన కాల్స్ లిస్టులో ఆ కాల్ లేదు. "దీన్ని ఇక్కడ వదిలేయండి మేడమ్, వేరేది ఇస్తాను" అన్నాడు.

వదిలేయాల్సింది. వదల్లేదు. అయిదున్నర ఎప్పుడవుతుందా అని రోజూ గడియారం చూసుకోవడం అప్పటికే మొదలుపెట్టాను.

సోమవారం ఫోన్‌లో ఆ పెద్దాయన అడిగినప్పుడు మొదటిసారి జవాబు చెప్పాను. "ఇంకా దొరకలేదండీ." దొరికిందంటే ఇంక ఫోన్ చెయ్యడేమోనని.

ఈసారి విన్నాడు.

"అయ్యో. అక్కడే ఉండమ్మా. నేనే వస్తన్నా."

మర్నాడు ఫోన్‌లో సైకిల్ చెయిన్ చప్పుడు. "గుడివాడ దాటానమ్మా." ఆ తర్వాత రోజు ఘంటసాల దగ్గరకొచ్చానన్నాడు. బాగా ఆయాసపడుతున్నాడు. నేనెక్కడ ఉన్నానో ఆయనకి ఒక్కసారి కూడా చెప్పలేదు. మూడో రోజు ఒకటే గాలి హోరు. "పులిగడ్డ వంతెన మీదున్నా. ఇంకెంతోసేపు పట్టదులే."

ఆ వంతెన దాటితే దివిసీమే. భయం వేసింది. అంతకంటే ఎక్కువగా సిగ్గేసింది. నేనాడిన ఒక్క అబద్ధానికి ఆ ముసలాయన మూడు రోజులుగా తొక్కుతూనే ఉన్నాడు.

మర్నాడు ఫోన్ ఎత్తగానే, ఆయన నోరు తెరవకముందే చెప్పేశాను. "బస్సు దొరికిందండీ. ఇంటికొచ్చేశాను. మీరు వెనక్కి వెళ్ళిపోండి."

చెయిన్ చప్పుడు ఆగింది.

"పోన్లే తల్లీ. తలుపేసుకో" అన్నాడు.

మళ్ళీ ఎప్పుడూ రాలేదు. రెండు సిమ్‌లూ మార్చి మార్చి వేసి చూశాను. కంపెనీ ఆఫీసులో అడిగితే ఆ వేళల్లో నా నంబరుకి కాల్సేమీ లేవన్నారు. ఆయన ఎవరో, ఏ అమ్మాయి కోసం బయల్దేరాడో, ఆ ఫోన్ ఆయన్ని నాకెందుకు కలిపిందో ఇప్పటికీ చెప్పలేను. నేనన్నది అబద్ధమని ఆయనకి తెలుసో లేదో కూడా తెలియదు.

ఆయన చివరిసారి మాట్లాడిన ఆ సాయంత్రం మాత్రం, ఇంకా ఎండ ఉండగానే, లేచి వెళ్ళి తలుపు వేసుకున్నాను.