తలుపు మీద అంటించిన సమన్స్

కోరుట్ల బీడీ కార్మికుల్లో బాలమణి చెయ్యి వేగానికి పేరుంది. పోలీసు జీపు చప్పుడు వింటే మాత్రం ఆ చెయ్యి తునికాకు మీదే ఆగిపోయేది. సిరిసిల్లలో మరమగ్గం నడిపే ఆమె తమ్ముణ్ని తెలంగాణ ఉద్యమంలో పోలీసులు వారెంటు చూపించి, అన్నం ముందు నుంచి లేపి తీసుకుపోయారు. అప్పటి నుంచి ఇంగ్లీషు అక్షరాలున్న ప్రతి కాగితమూ ఆమెకు వారెంటే.

సకల జనుల సమ్మె ముగిసిన మరుసటి ఏడు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఆమె బీడీలు అప్పగించి వచ్చేసరికి తలుపు మీద కాగితం అంటించి ఉంది. భర్త సామేలు గోడలు కట్టే సుతారి పనికి వెళ్లాడు. పక్కింటి రాజమణి కూడబలుక్కుని చదివింది.

"సమన్స్ అట, వదినె. మా సామేలన్న పేరే ఉన్నది. రాస్తారోకో కేసు."

"పట్టుకపోతరా?"

"నాకేం ఎరుక! మా ఆయనకు గిసొంటిది అస్తెనా, నేనే దగ్గరుండి అప్పజెప్పుదును," అని నవ్వింది రాజమణి.

బాలమణి నవ్వలేదు. కాగితాన్ని తడిగుడ్డతో నానబెట్టి, ఆకు కత్తెరతో గీకి, పొయ్యిలో వేసింది. కాగితం లేకపోతే కేసు తమ ఇల్లు మరిచిపోతుందనుకుంది. పోలీసులు తిరుగుతున్నారని మాత్రమే చెప్పి, సామేలును వెల్గటూరులోని తన అక్క ఇంటికి పంపింది.

నెలన్నరకు పోలీసు జీపు వచ్చింది. వారెంటుంది, సామేలు ఎక్కడని అడిగారు. తెలియదంది. వాళ్లు మలుపు తిరగగానే వకీలు గుమస్తా జలపతి దగ్గరికి వట్టి కాళ్లతో పరుగెత్తింది.

కాగితం కాల్చిన సంగతి విని జలపతి తల పట్టుకున్నాడు. "సమన్స్ అంటే నీ అంతల నువ్వు రా అని పిలుసుడు, అక్కా. పోయినోళ్లు పేరు చెప్పి, వాయిదా తీసుకొని ఇంటికి అచ్చిండ్రు. రాకపోతెనే వారెంటు. గదంటే దొరకబట్టి తెచ్చుడు."

"గిప్పుడెట్ల, తమ్మీ?"

"పోలీసోళ్లకు చిక్కకముందే కోర్టుల నిలబడాలె. జడ్జి నమ్మితె వారెంటు తీసేస్తడు. నమ్మకపోతె జైలే."

బాలమణి సామేలుకు ఫోను చేసింది.

"పొమ్మన్నది నువ్వే, రమ్మనేది నువ్వేనా?" అన్నాడతను.

"తప్పు నాదే. నిన్ను పిలిచిన కాయిదం నేనే కాలవెట్టిన."

"అస్త," అని పెట్టేశాడు.

మర్నాడు కోర్టు గేటు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లు నిలబడి ఉన్నారు. సామేలు ముఖానికి తువ్వాల చుట్టుకుని బస్సు దిగాడు.

"గా తువ్వాల తియ్యే, దొంగ లెక్క!" అని జలపతి కసిరి, అతన్ని పక్క దారిన లోపలికి తోశాడు.

ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని జడ్జి అడిగాడు. సామేలు తల వంచుకున్నాడు. భార్య పేరు ఎత్తలేదు. గుమ్మం దగ్గర నిలబడి బాలమణి వింటోంది. నోరు తెరిస్తే తననూ లోపలేస్తారేమో.

"ఆయనకు తెల్వది సారూ," అంది గట్టిగా. "కాయిదం నేను కాలవెట్టిన."

జడ్జి ఆమెను ఎగాదిగా చూసి ఏదో రాశాడు. వారెంటు రద్దయింది. వచ్చే నెల పన్నెండుకు వాయిదా పడింది.

ఇంటికి నడుస్తూ బాలమణి వాయిదా ఎప్పుడని మళ్లీ అడిగింది.

"పన్నెండు. గిప్పుడే గాదె చెప్పిన?"

"ఇంకోపారి చెప్పు. గీ తారీకు నేను మరువద్దు."