మూడో బ్లేడు

నా ఉద్యోగంలో చివరి పోస్టింగు శంషాబాద్ మండలం పాల్మాకుల దగ్గర. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లున్నాయనగా, ఎండలు ముదిరిన నెలలో, అక్కడి ప్యాకింగ్ పెట్టెల యూనిట్‌లో భద్రతాధికారిగా చేరాను. విమానాల్లో వెళ్లే యంత్ర భాగాలకు చెక్కపెట్టెలు తయారుచేయడం ఆ యూనిట్ పని. లోపలి వస్తువు కదలకుండా దాని వంపుకు సరిపడే చెక్క దిమ్మలు కోసి పెట్టెలో అమర్చాలి. ఆ వంపు కోతలకు బ్యాండ్‌సా వాడతారు.

మా ఇల్లు బుద్వేల్‌లో. ఆరాంఘర్ చౌరస్తా ట్రాఫిక్ దాటడానికి పట్టే సమయంలో ఆ రోజు తనిఖీల జాబితా మొత్తం మనసులో చదువుకునేవాణ్ణి. జాబితాలంటే నాకు అంత పిచ్చి. మా ఆవిడ కూరగాయల చీటీకి కూడా నంబర్లు వేసేవాణ్ణి.

హోదాలో భద్రతాధికారి యూనిట్ మేనేజరు కింద ఉంటాడు. అయినా ప్రమాదం అనిపిస్తే ఎవర్నీ అడక్కుండా మిషను ఆపించవచ్చు. మళ్లీ నడపాలంటే అతని సంతకం కావాలి. ఈ ఒక్క అధికారం వల్ల అతను ఎదురైతే ఎవరూ మనసారా నవ్వరు.

బ్యాండ్‌సా గురించి తెలియనివారికి రెండు మాటలు. పైన ఒక చక్రం, కింద ఒక చక్రం. రెండింటి అంచులకూ రబ్బరు పట్టీ ఉంటుంది. వాటి చుట్టూ పళ్లున్న ఉక్కు పట్టీ బెల్టులా తిరుగుతుంది, అదే బ్లేడు. చెక్క కోసే బల్ల దగ్గర జానెడో బెత్తెడో బయటికి కనబడుతుంది, మిగతాదంతా మూతల వెనుకే. బ్లేడును పట్టి ఉంచే గైడును చెక్కకు వేలెడు ఎత్తులోకి దించి కోయాలి. చేతికి తొడుగులు వేసుకోకూడదు. కొత్తవాళ్లు ఇది విని ఆశ్చర్యపోతారు కానీ, తొడుగు దారం పంటికి చిక్కితే చెయ్యి కూడా దాని వెంటే పోతుంది. చెక్క చివరి భాగాన్ని తోపుడు కర్రతో నెట్టాలి. మిషను కుడి పక్కన ఎవరూ నిలబడకూడదు, బ్లేడు తెగితే అటువైపే ఎగురుతుంది. మూత తీయాలంటే ముందు మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, చక్రం పూర్తిగా ఆగేదాకా ఆగాలి. ఆ సంగతి రిజిస్టరులో రాయాలి.

దాని మీద ఆపరేటరు నర్సింహ. పాల్మాకులలోనే పుట్టి పెరిగినవాడు, నలభై అయిదు దాటినవాడు. పొద్దున్నే పొలం చూసుకుని డ్యూటీకి వచ్చేవాడు. పన్నెండేళ్లుగా అదే మిషను. కొత్తవాళ్లు ఎవరు పరిచయమైనా రెండు అరచేతులూ చాపి చూపించేవాడు. పది వేళ్లూ ఉన్నాయని దానర్థం. కోత పనిలో అది చిన్న సంగతి కాదు.

నేను చేరిన రెండో నెలలో విదేశీ కస్టమరు తరఫున ఒక ఆడిటరు వచ్చాడు. బ్యాండ్‌సా దగ్గర ఆగి, మూత మీద ఎర్రటి మరకలకు ఫోటో తీసి, ఇక్కడ ప్రమాదం ఎప్పుడు జరిగిందని అడిగాడు. అది నెత్తురు కాదు, కుంకుమ. ప్రతి శుక్రవారం నర్సింహ గ్రామదేవత మైసమ్మను తలుచుకుని మిషనుకు పసుపు పూసి బొట్టు పెట్టేవాడు. అదంతా ఆడిటరుకు వివరించాను. తలూపాడు, కానీ ఫోటో మాత్రం రిపోర్టులోకి ఎక్కింది. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే ఒక ఆర్డరు రాసి బోర్డుకు అంటించాను. యంత్రాల మీద పసుపు, కుంకుమ, పూలు, నిమ్మకాయలు ఏవీ కనబడకూడదని దాని సారాంశం. నర్సింహను పిలిచి, మిషను మీద నాకు చుక్క కూడా కనబడొద్దని నోటితోనూ చెప్పాను.

అతను ఆ కాగితం చదివి, "మంచిది సార్" అని వెళ్లిపోయాడు. పన్నెండేళ్ల అలవాటును అంత తేలిగ్గా ఎలా వదిలాడని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు సరికదా, నా మాటకు ఎంత విలువ ఉందోనని లోలోపల మురిసిపోయాను.

ఆ తర్వాత ఒక మంచి మార్పు గమనించాను. రిజిస్టరులో ప్రతి శుక్రవారం ఉదయం నర్సింహ చేతిరాతలో ఒక పద్దు కనబడసాగింది: కింది చక్రం శుభ్రం, పది నిమిషాలు. స్విచ్ ఆపిన వేళ, తాళం వేసిన వేళ, తీసిన వేళ, అన్నీ పొందిగ్గా ఉన్నాయి. వారపు భద్రతా సమావేశంలో ఆ పేజీ అందరికీ చూపించి, పని అంటే ఇలా చేయాలన్నాను. నర్సింహ తల దించుకున్నాడు. వినయం అనుకున్నాను.

వానాకాలం సగంలో మొదటి బ్లేడు తెగింది. బ్లేడన్నాక తెగుతుంది, కొత్తది ఎప్పట్లాగే నర్సింహే ఎక్కించుకున్నాడు, నేను పట్టించుకోలేదు. నాలుగైదుసార్లు సానబట్టించి వాడుకోవాల్సిన బ్లేడు రెండో సానకు కూడా రాలేదని మాత్రం రాసుకున్నాను. మూడు వారాల తర్వాత రెండోది తెగింది. ఆ తర్వాత పది రోజులకే, ఒక బుధవారం, మూడోది.

ఈసారి బ్లేడు కొస బల్ల పక్క సందులోంచి ఎగిరి, కుడివైపు పేర్చిన పలకల్లో దిగబడింది. పొట్టు ఊడ్చే సుగుణమ్మ అంతకు నిమిషం ముందు సరిగ్గా అక్కడే వంగి ఉంది. అక్కడ ఎవరూ నిలబడకూడదని నేల మీద పసుపురంగు గీత గీయించింది నేనే. కానీ పొట్టు పడేది గీత లోపలే, దాన్ని ఎవరు ఎప్పుడు ఎత్తాలన్నది నా జాబితాలో లేదు. పలకలోంచి ఆ ముక్కను పట్టకారుతో లాగాను. మిషను ఆగి, చక్రం కూడా నిలిచాకే పొట్టు ఎత్తాలని ఆ క్షణమే చెప్పాను.

మేనేజరు గారు సాయంత్రం పిలిపించారు. గోదావరి జిల్లా మనిషి, మాట మెత్తన, నిర్ణయం గట్టి. నర్సింహ వయసు మీద పడి చెక్కను బలవంతంగా తోస్తున్నాడని, అందుకే బ్లేళ్లు తెగుతున్నాయని ఆయన అభిప్రాయం. "శనివారంలోగా మీ రిపోర్టు ఇచ్చేయండి. సోమవారం నుంచి అతన్ని లోడింగ్‌కి పంపించేద్దామండీ" అన్నారు.

లోడింగ్ అంటే పెట్టెలు లారీకి ఎక్కించడం. ఆ మాట నర్సింహ చెవిన ఎలాగో పడింది. గేటు దగ్గర నా కోసం నిలబడ్డాడు. "సార్, నేను గట్టిగ తోస్తలే. కట్టె దానంతట అదే పోతది, మనం ఎన్క చెయ్యి ఆనిచ్చుడే. గీ మిషన్ మీదికెళ్లి దించితే ఇగ నేనేం మొఖం పెట్టుకొని వస్త" అన్నాడు. చూసి చెబుతానని మాత్రం అన్నాను.

గురువారం పొద్దున తెగిన మూడు బ్లేళ్లూ నా బల్ల మీద పరుచుకుని భూతద్దంతో కూర్చున్నాను. ఆ పని నాకు ఎంతో ఇష్టమని ఒప్పుకోవాలి. ఎందుకు అన్న ప్రశ్న బుర్రలో దూరితే నాకు అన్నం సహించదు. అతుకు దగ్గర తెగి ఉంటే వెల్డింగ్ లోపం, కానీ ఒక్కటీ అతుకు దగ్గర తెగలేదు. చెక్కలో మేకు తగిలి ఉంటే పళ్లు విరగాలి, విరగలేదు. ప్రతి బ్లేడుకూ పళ్ల మధ్య గాడుల్లో వెంట్రుకంత సన్నటి పగుళ్లు, ఒకటి కాదు, వరసగా ఉన్నాయి. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే తెగుతుందే, అలాంటి జాడ అది. ఏదో ఈ బ్లేడును ఆగకుండా వంచుతోంది. ఏమిటది?

మధ్యాహ్నం దాకా నర్సింహ పక్కనే నిలబడ్డాను. బిగువు చూపే ముల్లు సరిగ్గా ఉంది. గైడు వేలెడు ఎత్తులోనే ఉంది. అతను చెప్పింది నిజం, చెక్క మీద అతని అరచేయి ఊరికే ఆని ఉంది. వంపు దగ్గర వేగం తగ్గిస్తున్నాడు, చివర్లో మరవకుండా తోపుడు కర్ర అందుకుంటున్నాడు. నా ఉద్యోగ జీవితంలో అంత శుభ్రమైన కోత తక్కువగా చూశాను. నా సందేహం మాత్రం ఇంకా పెరిగింది.

భోజనానికి మిషను ఆపాడు. కొత్త నియమం ప్రకారం సుగుణమ్మ చీపురు పట్టుకుని గీత అవతల నిలబడి, చక్రం ఆగేదాకా ఎదురుచూస్తోంది. నేను చెవుల్లో పెట్టుకున్న రబ్బరు బిరడాలు తీయబోతుంటే ఆమె ఏదో అంది. తీశాక మళ్లీ చెప్పమన్నాను.

"గిది ఆగేటప్పుడు టక్కు టక్కుమంటది సారూ. ఇనుండ్రి" అంది. "పొట్టు గూడ మునుపటి లెక్క పడ్తలేదు. లోపట్నే ఏడనో అతుక్కుంటున్నట్టున్నది."

నెత్తి మీదుగా ఒక విమానం దిగుతోంది. ఆ హోరు తగ్గేసరికి చక్రం ఆగిపోయింది. నర్సింహతో మళ్లీ నడిపించి, మళ్లీ ఆపించాను. అప్పుడు విన్నాను. చక్రం వేగం తగ్గేకొద్దీ కింది మూత వెనుక నుంచి ఒక చిన్న చప్పుడు, తిరిగిన ప్రతి చుట్టుకూ ఒకసారి. మిషను పూర్తి వేగంలో ఉన్నప్పుడు అది హోరులో కలిసిపోతుంది. రోజూ చెవులు మూసుకుని తనిఖీ చేసే నాకు ఎలా వినబడుతుంది?

కింది మూత తీయమన్నాను. నర్సింహ మూతకు అడ్డంగా వచ్చాడు. భోంచేసి రమ్మని, ఈలోపు తానే తీసి చూస్తానని అన్నాడు. నేను కదల్లేదు. అతని తాళం పక్కన నా తాళం కూడా వేసి, మూత తీశాం.

చక్రం అంచున, రబ్బరు పట్టీ మీద, చింతగింజంత మందాన ఒక గట్టి ముద్ద ఉంది. గోటితో గీకితే పొర మీద పొర వచ్చింది. పసుపు, కుంకుమ, మళ్లీ పసుపు, మధ్యలో రంపపు పొట్టు, చెక్క బంక. బ్లేడు దాన్ని తొక్కి తొక్కి గట్టిపరిచింది. ప్రతి చుట్టుకూ బ్లేడు ఆ దిబ్బ ఎక్కి దిగుతోంది, నిమిషానికి కొన్ని వందలసార్లు. పట్టీ మీది పొట్టును ఎప్పటికప్పుడు దులపడానికి చక్రానికి ఆనుకుని ఒక బ్రష్ ఉండాలి. అది రెండు వేళ్ల వెనక్కి జరిపి బిగించి ఉంది.

నర్సింహ నేల చూపులు చూస్తూ చెప్పాడు. "బయట కండ్లకు కనబడొద్దన్నరు గద సార్. లోపట అయితే ఎవ్వలకు కనబడదని పెట్టిన. బ్రష్ తాకితే బొట్టు తుడ్సుకపోతదని జర ఎన్కకు జరిపిన." ఆ తర్వాత మిగతాదీ చెప్పాడు. "బ్లేడు తెగంగనే తల్లికి కోపమొచ్చిందనుకున్న. తెగినప్పుడల్ల ఇంకింత పసుపు పెట్టిన."

శుక్రవారం పది నిమిషాల శుభ్రం అంటే ఇదన్నమాట. స్విచ్ ఆపి, తాళం వేసి, చక్రం ఆగేదాకా నిలబడి, నేను నేర్పిన పద్ధతి ఒక్క మెట్టు తప్పకుండా పాటించి, ఆపైన బొట్టు పెట్టేవాడు. ఆ పేజీనే నేను అందరికీ చూపించాను. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. పలకలో దిగబడిన ఉక్కు ముక్క గుర్తొచ్చి నవ్వు అక్కడే ఆగింది.

ముద్ద గీకి, పట్టీ తుడిచి, బ్రష్ ముందుకు జరిపి, మూత వేసి, తాళాలు తీసి నడిపించాం. ఆపేటప్పుడు చప్పుడు లేదు. సుగుణమ్మ చెవి ఒగ్గి విని, ఇక లేదని ధ్రువీకరించాకే రిజిస్టరులో నా సంతకం పెట్టాను.

శుక్రవారం రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. ఆ ఫారంలో కారణం అన్న చోట మూడు గళ్లుంటాయి: యంత్ర లోపం, సరుకు లోపం, ఆపరేటరు తప్పిదం. మూడో గడిలో టిక్కు పెడితే అబద్ధం కాదు. అనుమతి లేకుండా బ్రష్ జరిపింది అతనే, చక్రానికి పసుపు పూసింది అతనే. పెడితే నర్సింహ సోమవారం లారీ దగ్గర ఉంటాడు, నా రికార్డు శుభ్రంగా ఉంటుంది. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నానన్నది కూడా దాచను.

గళ్లు మూడూ వదిలేసి కింద రాశాను. మూత మీద ఉన్నంత కాలం ఏ హానీ చేయని బొట్టు చక్రం మీదికి చేరడానికి కారణం భద్రతాధికారి జారీచేసిన ఆర్డరు. ఆర్డరు అమలైన తీరును ఆ అధికారి మూత తీసి చూడలేదు. మూత బయటి నుంచే సంతకాలు పెట్టాడు. బ్రష్‌ను అనుమతి లేకుండా జరపడం ఆపరేటరు తప్పు, దానికి లిఖితపూర్వక హెచ్చరిక చాలు.

మేనేజరు గారు రెండుసార్లు చదివారు. "మీ మీద మీరే రాసుకుంటారా అండీ? ఇది హెడ్డాఫీసుకి వెళ్తుంది" అన్నారు. వెళ్లనివ్వండన్నాను. వెళ్లింది. నా సర్వీసు మొత్తంలో అందుకున్న ఒకే ఒక్క మెమో ఆ నెలాఖరున వచ్చింది. నర్సింహకు హెచ్చరిక కాగితం ఇచ్చి మిషను మీదే ఉంచారు.

పాత ఆర్డరు తీసేసి కొత్తది రాసేముందు ఈసారి నర్సింహను అడిగాను, బొట్టు ఎక్కడుంటే అతనికి సరిపోతుందని. కోసేటప్పుడు తలెత్తితే కనబడాలన్నాడు. మిషను పై చక్రాన్ని మోసే ఇనుప దూలానికి, కదలని చోట, అరచేతి వెడల్పు రేకు బిగించాం. పసుపు కుంకుమలకు చోటు అదే. మరుసటి ఏడు వచ్చిన ఆడిటరు ఆ రేకు గురించి అడిగాడు. ఫైలు తీసి ఆ రిపోర్టు పేజీ చూపించాను. చదివి, తర్వాతి మిషను దగ్గరికి నడిచాడు. నాలుగో బ్లేడు అయిదు సానలు తిన్నాక తనంతట తాను అరిగింది.

ఒక పనిని వద్దంటే అది ఆగిపోతుందని అప్పటిదాకా నమ్మాను. మనిషి దాన్ని ముఖ్యం అనుకున్నంత కాలం ఆ పని ఆగదు, చోటు మారుతుంది. మారిన చోటు పాతదాని కంటే ప్రమాదకరమా కాదా అన్నది వద్దన్నవాడే వెతికి చూడాలి. ఆ తర్వాత నేను రాసిన ప్రతి నిషేధం కింద ఒక ఖాళీ గీత ఉంచాను: ఇకపై ఇది ఎక్కడ జరుగుతుంది? ఆ గీత నింపకుండా సంతకం పెట్టలేదు.

నేను రిటైరైన రోజున చివరి తనిఖీ బ్యాండ్‌సా దగ్గరే ముగించాను. నర్సింహ మిషను ఆపి, చక్రం ఆగేదాకా ఆగి, రెండు అరచేతులూ చాపి చూపించాడు. లెక్కపెట్టుకుని రిజిస్టరు మూశాను.