తెల్లపూల బకెట్టు

తుఫానులోనూ లేమిలోనూ మా ఇంటిని విడువని దేవునికి స్తోత్రం.

నా చిన్నప్పుడు, తొంభైలలో, అమలాపురం దగ్గర మా ఊళ్లో, ఇంటి దడి మీద నల్లకన్ను తీగలు పాకించాను. నాన్న కడియం నర్సరీల నుంచి తెచ్చిన విత్తనాలవి. కొన్ని నారింజ రంగు పూశాయి, కొన్ని పసుపు. ప్రతి పువ్వు నడుమా కాటుక పెట్టినట్టు నల్లటి చుక్క. ఒకే ఒక్క తీగ తెల్లగా పూసింది. దాన్ని పాత బకెట్లో వేరుగా పెంచాను. కాయలు ఎండితే విత్తనాలు తీసి, మరుసటి ఏడు దడి అంతా తెలుపు చేయాలని నా ఆశ. ఇంతలో తుఫాను వచ్చి దడిని పడగొట్టింది. మంచం కింద దాచాను గనుక ఆ బకెట్టు ఒక్కటే మిగిలింది.

మా నాయనమ్మ ఏటా కోత పండుగకు తన రెండు కొబ్బరిచెట్ల తొలి గెలను చర్చికి మోసుకెళ్లేది. ఆ గాలికే రెండు చెట్లూ కూలిపోయాయి. పండుగ ఆదివారం నేను సండే స్కూలు పిల్లలతో ముందు వరుసలో కూర్చున్నాను. వరికంకుల కట్టలు, గుమ్మడికాయలు, కోళ్లు వరసగా అర్పణల బల్ల దగ్గరకు వస్తున్నాయి. వాటి మధ్య నా బకెట్టు! మోస్తున్నది నాయనమ్మ. నాతో ముందు ఒక్క మాటైనా అనలేదు.

ఆరాధన అయ్యాక, ఆచారం ప్రకారం అర్పణలన్నీ వేలం వేశారు. బకెట్టును ఎదురింటి టీచరుగారు పాడుకున్నారు.

"తెల్లవి నేనెక్కడా చూడలేదండి," అని ఆవిడ మురిసిపోయారు.

"ఆయ్, మా పిల్ల పెంచిందండి," అంది నాయనమ్మ, గర్వంగా.

ఇంటి దారి పొడవునా ఏడ్చాను.

"దేవుడికి మంచిదే ఇవ్వాలి కదమ్మా," అంది నాయనమ్మ.

"ఊరికే వచ్చింది దేవుడికి ఇవ్వనన్న రాజు కథ నువ్వే చెప్పేవుగా! నీకది ఊరికే వచ్చింది. నన్నడిగేవా?"

నాయనమ్మ దారిలోనే ఆగిపోయింది.

ఎదురింటి అరుగు మీద ఆ పూలు రోజూ కనిపించేవి. టీచరుగారు తెలియక కాయ కట్టకముందే తీగ కత్తిరించేవారు. ఎండాకాలానికి అది చచ్చిపోయింది. నమ్మిన మనిషే నన్ను దోచుకుంది, అదీ దేవుని పేరున. చాలాకాలం ప్రార్థనలో కళ్లు మూయలేకపోయాను.

మరుసటి కోత పండుగకు నాయనమ్మ నాటిన కొబ్బరిమొక్కలు ఇంకా మోకాలెత్తే ఉన్నాయి. రాలిన గింజలు మొలిచి నా కొత్త దడి నిండా నారింజ, పసుపు పూలు. ఆమె వాటివైపు చూడనైనా లేదు. అందరూ తలల మీద మోసుకొస్తుంటే, అదే వరసలో, కొంగు కప్పుకుని ఖాళీ చేతులతో బల్ల దాకా నడిచింది.

"ఏం మామ్మగారూ, ఈ ఏడు గాలి తెచ్చేరా?" అని వెనకనుంచి ఎవరో నవ్వేరు. ఆమె వెనుదిరగకుండా మోకరించింది.

తెల్లపూల విత్తనం నాకు మళ్లీ దొరకలేదు. ఆ బాధ పూర్తిగా పోయిందనీ చెప్పలేను. కానీ మా అమ్మాయి కుండీలో ఒక్క పువ్వు కోయాలన్నా ఇప్పటికీ ముందు తనను అడుగుతాను. ఈ ఆదివారం ఖాళీ చేతులతో ఆ బల్ల దాకా నడిచేవారి కోసం, మీరూ నాతో పాటు తల వంచండి.