వెలుగు అని ఒక మాట

మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా రిటైరయ్యాక, చిన్న సర్క్యూట్ బోర్డు మీద దీపం వెలిగించాలని ఫోర్త్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టాను. ముత్తియాల్‌పేటలోని మా ఇంట్లో కంప్యూటర్ వంటింటి గుమ్మం పక్కనే ఉంటుంది. కూడిక మొదటి పాఠం. బళ్లో నేర్చుకున్నట్టే రెండు, ప్లస్, మూడు అని కొట్టాను. తప్పని చూపించింది. మళ్లీ కొట్టినా అదే.

"ఏంది, మీలో మీరే గొణుక్కుంటా ఉండారు?" అని నా భార్య వంటింట్లోంచి అడిగింది.

"దీనికి ముందు అంకెలు రెండూ ఇవ్వాలంట. కూడమని చివర్లో చెప్పాలంట. అంతా తలకిందులు."

"తలకిందులేంది? ఉప్పూ చింతపండూ వేసి కలుపు అంటాం గానీ, కలుపు ఉప్పు అంటామా?"

అప్పట్నించి ప్రతి వరుసా ముందు మా ఇంటి తెలుగులో అనుకుని, తర్వాతే కొట్టేవాణ్ణి. పని సాగింది.

ఫోర్త్‌లో మన మాటలు మనమే తయారుచేసుకోవచ్చు. కొన్ని వారాలకి దీపం వెలిగించడానికి 'వెలుగు' అనే మాట చేశాను. ఇంగ్లీషు అక్షరాల్లోనే. నా భార్యని పిలిచి, తన చేతే కొట్టించాను. బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. తను వంగి కాసేపు ముచ్చటగా చూసింది.

"బాగుండాది. ఇంక ఆర్పండి" అంది.

ఆర్పే మాట నేనింకా రాయలేదు. వైరు పీకేశాను.